మన ఎండకు, మన బోరు నీళ్ళకు ఏ సీఓటూ సిస్టమ్?

(చిన్న మొక్కల అక్వేరియాలు పెట్టుకునేవాళ్ళ కోసం అనంతపురంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సీఓటూ అంటే మొక్కలు పెరగడానికి ట్యాంకు నీళ్ళలోకి ఎక్కించే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్. ఆ మాట అనగానే మొదట వచ్చే ప్రశ్న "ఎంత సైజు సిలిండర్ తీసుకోవాలన్నా?" అని. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. మీ నీళ్ళ కేహెచ్ (నీళ్ళలో కార్బొనేట్, బైకార్బొనేట్ ఎంతున్నాయో చెప్పే కొలత) ఎంత, మే నెలలో ఆ గది ఎంత వేడెక్కుతుంది, గ్యాస్ అయిపోతే ఎక్కడ నింపిస్తారు, ఇవి తేలితే ఏ సిస్టమ్ కావాలో దానంతటదే తేలుతుంది. వీడియోల్లో మనం చూసే ట్యాంకుల్లో చాలామటుకు ఏసీ గదుల్లో, సాఫ్ట్ నీళ్ళతో నడిచేవి. రాయలసీమలో ఇల్లు అట్లా ఉండదు, బోరు అట్లా ఉండదు.

లెక్కకు ఒక ట్యాంకు పెట్టుకుందాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచు దాకా నింపితే 56 లీటర్లు. సాయిల్, రాళ్ళు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నీళ్ళు 45 లీటర్లకు మించవు. అందులో లీటరుకు 30 మిల్లీగ్రాముల సీఓటూ ఉండాలంటే మొత్తం కరిగి ఉండాల్సింది 1.35 గ్రాములు. అంతే. గ్యాస్ తక్కువే చాలు కదా అని సంబరపడొద్దు. ఇంకో గ్రాము ఎక్కువ కరిగితే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. పెద్ద ట్యాంకు అంత తేడాను లెక్కచేయదు, ఇది ఓర్చుకోలేదు. అందుకని చిన్న ట్యాంకుకు కొనే సిస్టమ్‌లో నేను చూసేది ఒకటే: రోజూ ఒకే తీరుగా ఇస్తుందా, ఆపమన్నప్పుడు పూర్తిగా ఆగుతుందా.

అసలు అవసరమా అనేది కూడా చూసుకోండి. గాలిలోంచి నీళ్ళలోకి తనంతట తాను కరిగే సీఓటూ లీటరుకు అర మిల్లీగ్రాము పైచిలుకు. చేపలూ బాక్టీరియా వదిలేది కలిపితే మామూలు ట్యాంకులో 2, 3 మిల్లీగ్రాములు. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్‌లకు అది చాలు. వల్లిస్నేరియా అయితే బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ లాక్కుంటుంది, మన ఉప్పు నీళ్ళంటే దానికి ఇష్టం. క్యూబా లాంటి, నేలంతా పరుచుకునే కార్పెట్ మొక్కలు, ఎర్రగా రావాల్సిన రొటాలా మాక్రాండ్రా, ఎక్కువ లైటు పెట్టిన ట్యాంకు, వీటికే 20 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. లైటు తక్కువ పెట్టి సీఓటూ కొనడం దండగ.

ఇప్పుడు నీళ్ళ సంగతి. కర్నూలు టౌనులో తుంగభద్ర నీళ్ళు వచ్చే కుళాయికీ, అనంతపురం శివార్లలో వేసిన బోరుకీ పోలిక లేదు. బోరులో కేహెచ్ 12, 16 రావడం వింతేమీ కాదు. కేహెచ్ ఎక్కువుంటే సీఓటూ ఎక్కువ ఎక్కించాలని కొందరంటారు, అది తప్పు. మొక్కకు కావాల్సింది కరిగిన సీఓటూ, ఏ నీళ్ళలో అయినా అదే 30. మారేది పీహెచ్ మాత్రమే. లెక్క ఇట్లా ఉంటుంది: 7లోంచి పీహెచ్ తీసేయండి, వచ్చినదాన్ని 10 మీద ఘాతంగా వేయండి, దాన్ని కేహెచ్‌తో, మళ్ళీ 3తో గుణించండి. కేహెచ్ 4 ఉన్న నీళ్ళలో పీహెచ్ 6.6 అయితే 30 మిల్లీగ్రాములు. కేహెచ్ 14 ఉన్న బోరు నీళ్ళలో అదే 30 మిల్లీగ్రాములు పీహెచ్ 7.15 దగ్గరే వచ్చేస్తుంది. ఎక్కడో చదివి 6.6 దాకా దింపాలని ఆ నీళ్ళలో గ్యాస్ తిప్పుతూ పోతే లీటరుకు 105 మిల్లీగ్రాములు. 6.6 చూసేలోపే చేపలు చచ్చిపోతాయి.

నీళ్ళలో గ్యాస్ ఎంతుందో రంగుతో చూపడానికి ట్యాంకులో తగిలించే డ్రాప్ చెకర్‌లో జరిగే పొరపాటు కూడా ఇదే. ఆ గాజు బుడ్డిలో ట్యాంకు నీళ్ళు పోసి రంగు చుక్కలు వేస్తారు. పోయాల్సింది కేహెచ్ సరిగ్గా 4 ఉన్న నీళ్ళు. ఇంట్లోనే కలుపుకోవచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి, వీధి ప్లాంటులో పట్టే మినరల్ వాటర్ పనికిరాదు, అందులో ఎంతో కొంత కేహెచ్ మిగిలే ఉంటుంది. బంగారం తూచే చిన్న కాటా మీద 1.2 గ్రాముల వంట సోడా తూచి ఒక లీటరులో కరిగించండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి, మళ్ళీ డిస్టిల్డ్ వాటర్ కలిపి లీటరు చేయండి. లీటరుకు 120 మిల్లీగ్రాముల సోడా, అంటే 4 డిగ్రీల కేహెచ్. దానికి బ్రోమోథైమాల్ బ్లూ చుక్కలు రెండు మూడు. నీలం ఉంటే గ్యాస్ తక్కువ, ఆకుపచ్చ అయితే 30 దగ్గర, పసుపు అయితే ఎక్కువ. ఒకటి గుర్తుంచుకోండి: బుడ్డిలో రంగు మారడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఇప్పుడు కనిపించే రంగు ఎప్పటిదో. చేపలు ఆయాసపడుతుంటే రంగు ఆకుపచ్చగా ఉన్నా సరే, నమ్మాల్సింది చేపల్ని.

ఇక రాళ్ళు. కడప నాపరాయి, బేతంచెర్ల బండ మన ఇంటి చుట్టూ దొరుకుతాయి, చూడ్డానికి బాగుంటాయి, ఊరికే వస్తాయి. అవి సున్నపురాళ్ళు. మామూలు ట్యాంకులో నెమ్మదిగా ఉండే రాయి సీఓటూ ఎక్కించిన ట్యాంకులో కరగడం మొదలుపెడుతుంది. సీఓటూ నీళ్ళలో కరిగి కార్బానిక్ ఆమ్లం అవుతుంది, అది సున్నపురాయిని కాల్షియం బైకార్బొనేట్‌గా మార్చి నీళ్ళలోకి దించుతుంది. వారానికి వారం కేహెచ్ పెరుగుతూ పోతుంది, మీ పీహెచ్ లెక్క చెడిపోతుంది. రాయి మీద బాత్రూమ్ కడిగే యాసిడ్ ఒక చుక్క వేసి చూడండి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఆరుబయట. బుసబుసా పొంగితే ఆ రాయి ట్యాంకులోకి వద్దు. గ్రానైటు, పలుగురాయి పొంగవు, వాటిని వాడుకోండి.

బోరు కేహెచ్ 16 ఉంటే ఒక వంతు బోరు నీళ్ళకు మూడు వంతులు ఆర్ఓ నీళ్ళు కలిపితే 4 దగ్గరకొస్తుంది. వీధిలో దొరికే 20 లీటర్ల క్యాను ఇక్కడ పనికొస్తుంది. ఎండాకాలం ఆవిరైన నీళ్ళకు బదులు మాత్రం ఉత్త ఆర్ఓ నీళ్ళే పోయాలి. బోరు నీళ్ళు పోస్తే నీరు పోయి ఉప్పు మిగిలి, మే అయ్యేసరికి కేహెచ్ ఎక్కడికో వెళ్తుంది.

ఇప్పుడు సిస్టమ్‌లు. ఈస్ట్, చక్కెర పద్ధతి గురించి త్వరగా చెప్పేస్తా. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో 200 గ్రాముల చక్కెర, లీటరు గోరువెచ్చని నీళ్ళు, పావు టీస్పూను ఈస్ట్, అర టీస్పూను వంట సోడా. చలికాలంలో రెండు వారాలు బాగానే నడుస్తుంది. మన ఎండలో ఈస్ట్ మొదటి మూడు నాలుగు రోజులు రెచ్చిపోయి, తర్వాత సారాయి ఎక్కువై, వేడి ఎక్కువై చల్లబడిపోతుంది. దీన్ని మూయడం కుదరదు, మూస్తే సీసా పగులుతుంది. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంటాయి, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది, తెల్లారేసరికి చేపలన్నీ పైన. రోజుకో తీరుగా గ్యాస్ వచ్చే ట్యాంకులోనే నల్ల గడ్డం ఆల్గే (గడ్డంలా పెరిగే నల్ల నాచు) ముందు పడుతుంది. అడుగు క్యూబ్ ట్యాంకులో నవంబరు నుంచి జనవరి దాకా ప్రయోగంగా పెట్టుకోవచ్చు. అంతకు మించి నేను సలహా ఇవ్వను.

నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), వంట సోడా కిట్ దీనికంటే చాలా మేలు. ఒక సీసాలో 200 గ్రాముల నిమ్మ ఉప్పు, 600 మిల్లీలీటర్ల నీళ్ళు. రెండో సీసాలో 200 గ్రాముల వంట సోడా, 200 మిల్లీలీటర్ల నీళ్ళు. మొదటి సీసా ఒకసారి నొక్కితే ఆమ్లం కొంచెం రెండోదానిలోకి పోతుంది, గ్యాస్ పుడుతుంది. ట్యాంకులోకి గ్యాస్ వాడేకొద్దీ సోడా సీసాలో ఒత్తిడి తగ్గి ఇంకాస్త ఆమ్లం లాక్కుంటుంది. 200 గ్రాముల సోడాలోంచి లెక్కప్రకారం రాగలిగేది 105 గ్రాముల సీఓటూ. మన 45 లీటర్ల ట్యాంకుకు మూడు నాలుగు వారాలు వస్తుంది. గ్యాస్‌ను సన్నగా వదిలే నీడిల్ వాల్వ్‌తో బుడగల్ని అదుపు చేయొచ్చు, కావాలంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్, అదే సోలినాయిడ్, కూడా తగిలించొచ్చు.

ఇందులో చెడేది ఎక్కడంటే, మొదటిది సరుకు. వంట సోడా అంటే తినే సోడా. బేకింగ్ పౌడర్ వద్దు, దానిలో పిండీ ఆమ్లమూ ముందే కలిసుంటాయి. బట్టల సోడా అసలే వద్దు. రెండోది సీసా. గ్యాస్ నింపే కూల్‌డ్రింక్ సీసాలే వాడాలి, మంచినీళ్ళ సీసా పలుచన, ఆ ఒత్తిడికి నిలవదు. వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. సీసా మెడ దగ్గర తెల్లటి చారలు కనిపించినా, అడుగు ఉబ్బి నిలబడకుండా ఊగుతున్నా ఆ రోజే పారేయండి. ఒత్తిడి ఎక్కువైతే గ్యాస్‌ను బయటికి వదిలే రిలీఫ్ వాల్వ్ లేని మూత ఉన్న కిట్ చవగ్గా వచ్చినా తీసుకోవద్దు. స్టీలు డబ్బా రకం దొరికితే మన వేడికి అదే మంచిది. సీసా అడ్డంగా పడితే ఆమ్లమంతా ఒకేసారి సోడాలో పడుతుంది, కాబట్టి పిల్లలు తిరిగే చోట కింద పెట్టకండి.

కడప, అనంతపురం, కర్నూలు టౌన్లలో ఉండి, గ్యాస్ నింపేవాళ్ళు అందుబాటులో ఉంటే మాత్రం సిలిండర్‌కే వెళ్ళండి. ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెప్పాలి, ఎందుకంటే వేడి ఎక్కువ దెబ్బ తీసేది దీన్నే.

సిలిండర్‌లో సీఓటూ ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి 57 బార్, 25 దగ్గర 64, 30 దగ్గర 72. అందుకే మీటరు ముల్లు మధ్యాహ్నం ఎక్కుతుంది, తెల్లవారుజామున దిగుతుంది, అది లీకు కాదు. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవం, ఆవిరి అని వేరుగా ఉండవు. అప్పటినుంచి ఒత్తిడి ఎంత అనేది ఎంత నింపారన్న దాన్ని బట్టి ఉంటుంది. నిబంధన ప్రకారం సిలిండర్‌లో లీటరు చోటుకు కిలోలో మూడింట రెండు వంతులే నింపాలి, అంటే రెండు కిలోల సిలిండర్‌కు మూడు లీటర్ల చోటు ఉండాలి. అట్లా సరిగ్గా నింపినా 40 డిగ్రీల గదిలో ఒత్తిడి 100 బార్ దాటుతుంది. సిలిండర్ దానికి తట్టుకునేలాగే చేస్తారు. కానీ "అన్నా, ఇంకో వంద గ్రాములు ఎక్కువ పట్టు" అని నింపించుకుంటే వేడికి వ్యాకోచించే చోటు ఉండదు, ఒత్తిడి నిట్టనిలువునా పెరుగుతుంది. వాల్వ్ పక్కనుండే సేఫ్టీ డిస్క్ పగిలి గ్యాసంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. అది పగలడం మంచిదే, పగలకపోతే సిలిండరే పగులుతుంది. కాబట్టి ఎండాకాలం ముందు నింపించేటప్పుడు కొంచెం తక్కువే పట్టమనండి. సిలిండర్‌ను పడమటి గోడకు ఆనించొద్దు, నింపించి ఎండలో ఆపిన కారులో వదలొద్దు.

కొనేటప్పుడు సిలిండర్ భుజం మీద చెక్కిన గుర్తులు చూడండి: ఖాళీ బరువు, నీటి పరిమాణం, ఆఖరి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) నెల, సంవత్సరం, పెసో (సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉన్న గుర్తు. టెస్ట్ ఐదేళ్ళకోసారి చేయించాలి. గుర్తులు గీకేసిన, రంగు మందంగా పూసేసిన పాత సిలిండర్ ఎంత చవకైనా వద్దు. అట్లాంటిదాన్ని నింపనని డీలరు అంటే కోపం తెచ్చుకోకండి, ఆయన చేస్తున్నది సరైన పని. ఇంకా ఎంత మిగిలిందో మీటరు చెప్పదు. కాటా మీద తూచి ఖాళీ బరువు తీసేయండి, అదే లెక్క. నింపేది వెల్డింగ్ గ్యాస్ డీలర్లు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు నింపేవాళ్ళు. ముందు ఫోన్ చేసి మీ వాల్వ్‌కు వాళ్ళ దగ్గర అడాప్టర్ ఉందా అని అడిగాకే సిలిండర్ కొనండి. సిలిండర్ ఒత్తిడిని తగ్గించి గ్యాస్ ఇచ్చేది రెగ్యులేటర్. విదేశీ రెగ్యులేటర్లలో డబ్ల్యూ 21.8 మర ఎక్కువ, మీ సిలిండర్ వాల్వ్ అదేనా అని బిగించి చూసుకోండి.

రెగ్యులేటర్ దగ్గర పొదుపు చేయకండి. సింగిల్ స్టేజ్ రకంలో సిలిండర్ ఖాళీ అవబోతూ లోపలి ఒత్తిడి పడిపోయేటప్పుడు బయటికొచ్చే ఒత్తిడి పెరుగుతుంది, బుడగలు వాటంతటవే జోరందుకుంటాయి. 200 లీటర్ల ట్యాంకులో ఎవరూ గమనించరు, 45 లీటర్లలో చేపలు చావడానికి ఒక్క రాత్రి చాలు. ఒత్తిడిని రెండు మెట్లలో తగ్గించే డబుల్ స్టేజ్ అయితే ఈ బాధ ఉండదు. సింగిలే ఉంటే తూచుకుంటూ ఉండి, ఇంకా కొంత గ్యాస్ ఉండగానే నింపించేయండి. పని ఒత్తిడి 2 బార్ దగ్గర పెట్టుకుంటే గ్యాస్‌ను సన్నటి బుడగలుగా నీళ్ళలోకి వదిలే సిరామిక్ డిఫ్యూజర్లలో చాలావాటికి సరిపోతుంది.

సిలిండర్‌కూ రెగ్యులేటర్‌కూ మధ్య నైలాన్ వాషర్ ఉంటుంది, గ్యాస్‌ను ఆపేది అదే. ఆ మరకు టెఫ్లాన్ టేపు చుట్టడం వల్ల ప్రయోజనం లేదు. పాత వాషర్ మీద గీత పడుంటే కొత్తది వేయండి. గొట్టం సిలికాన్‌ది వద్దు, సీఓటూ దాని గోడలోంచే బయటికి పోతుంది, గొట్టమూ గట్టిపడుతుంది. లోపల 4, బయట 6 మిల్లీమీటర్లుండే పీయూ (పాలీయూరిథేన్) గొట్టం తీసుకోండి. ట్యాంకు బయట గొట్టంలో ఒక చెక్ వాల్వ్, ఇత్తడిది గానీ స్టీలుది గానీ. అది లేకపోతే గ్యాస్ ఆగినప్పుడు నీళ్ళు వెనక్కొచ్చి సోలినాయిడ్‌లో చేరతాయి. లీకు పట్టడానికి ప్రతి కీలు మీద సబ్బు నురగ రాయండి. ఇంకా అనుమానముంటే రాత్రి సోలినాయిడ్ ఆపి, సిలిండర్ వాల్వ్ మూసేసి, ముల్లు ఎక్కడుందో చూసుకోండి. పొద్దున్నకు బాగా దిగిపోతే ఎక్కడో కారుతోంది.

సోలినాయిడ్ చేతికి వేడిగా తగిలితే కంగారుపడొద్దు, కాయిల్ అట్లాగే ఉంటుంది. కరెంటు పోతే అది దానంతటదే మూసుకుంటుంది. మనకు కావాల్సిందీ అదే. కానీ ఒక మెలిక ఉంది. సోలినాయిడ్ ఇన్వర్టర్ లైనులో, ఫిల్టర్ మామూలు లైనులో ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్ళు తిరగవు, గ్యాస్ మాత్రం వస్తుంది. రెండూ ఒకే బోర్డులో పెట్టండి. గుండ్రంగా తిరిగే మెకానికల్ టైమర్ కరెంటు లేనంతసేపూ ఆగిపోతుంది, నాలుగు కోతలు పడితే మీ పొద్దున్న దానికి సాయంత్రమవుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ కొనండి.

మొదలుపెట్టేటప్పుడు రెండు సెకన్లకు ఒక బుడగ. లైటు వెలగడానికి రెండు గంటల ముందు గ్యాస్ ఆన్, లైటు ఆరడానికి గంట ముందు ఆఫ్. లైటు 6 నుంచి 8 గంటలు. ఒక గ్లాసు ట్యాంకు నీళ్ళు రాత్రంతా బయట పెట్టి మర్నాడు పీహెచ్ చూడండి, తర్వాత లైటు వెలిగిన రెండు మూడు గంటలకు ట్యాంకులో చూడండి. తేడా ఒకటి దగ్గర ఉంటే బాగున్నట్టు. మూడు రోజులు గమనించకుండా వాల్వ్ ముట్టుకోకండి, ముట్టుకున్నా వెంట్రుకవాసి తిప్పండి. సెలవు రోజు, ఇంట్లో ఉన్నప్పుడే తిప్పండి.

డిఫ్యూజర్ మీద ఆల్గే పడితే నీళ్ళు కలిపిన బ్లీచ్‌లో నానబెట్టాలి, మన బోరు నీళ్ళ తెల్లటి పొర పడితే నిమ్మ ఉప్పు నీళ్ళలో. ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సొస్తే మధ్యలో బాగా కడగండి. బ్లీచ్, నిమ్మ ఉప్పు కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది విషం.

ఇక వేసవి. 25 డిగ్రీల నీళ్ళలో ఆక్సిజన్ లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా పడుతుంది, 35 డిగ్రీల్లో 7 కంటే తక్కువే. అదే సమయంలో చేపకు ఎక్కువ కావాలి. శీతాకాలంలో 30 మిల్లీగ్రాముల సీఓటూను ఓర్చుకున్న చేప మే నెలలో 20కే ఇబ్బంది పడుతుంది. నీళ్ళు 31 దాటితే బుడగలు తగ్గించి, లైటు ఒక గంట తగ్గించండి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ళ మీదకు చిన్న ఫ్యాను పెడితే మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. దాంతో పైపొర కదిలి సీఓటూ కొంత పోతుంది, పోనీయండి. చేపలు పైకొస్తే ముందు గ్యాస్ ఆపండి, ఎయిర్ పంపు పెట్టండి, సగం నీళ్ళు మార్చండి, ఆ తర్వాత కారణం వెతకండి.

ప్రశ్నలు ఏమన్నా ఉంటే అడగండి.

పాత ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ వాడొచ్చా అని ఆ అన్న అడుగుతున్నారు. సీఓటూ రకం చాలావాటిలో అడుగుదాకా ఒక గొట్టం ఉంటుంది. మంటను ఆర్పడానికి ద్రవం బయటికి రావాలి కదా. ఆ ద్రవం రెగ్యులేటర్‌లోకొస్తే లోపలి సీళ్ళు గడ్డకట్టి పాడవుతాయి. నింపేవాళ్ళ దగ్గర ఆ గొట్టం తీయించి, టెస్ట్ చేయించి వాడొచ్చు. మీరు ఇంట్లో విప్పకండి. మామూలు సిలిండర్‌ను పడుకోబెట్టి వాడినా ఇదే జరుగుతుంది.

పడకగదిలో పెట్టుకోవచ్చా అని అక్క అడిగారు. రెండు కిలోల గ్యాస్ మొత్తం బయటికొస్తే 1,100 లీటర్ల పైన అవుతుంది. పదడుగుల గది, పదడుగుల ఎత్తు అనుకుంటే గాలి 28,000 లీటర్లు. కిటికీలు మూసి ఉంటే గాలిలో సీఓటూ 4 శాతం అవుతుంది, ప్రాణాపాయం అని లెక్కగట్టిన హద్దు అదే. వద్దక్కా, హాల్లో పెట్టుకోండి, గోడకు గొలుసు వేసి. బుస్సుమని శబ్దం వస్తే వాల్వ్ దగ్గరకు పోకుండా తలుపులు తెరిచి అందరూ బయటికి రండి.

ఊరెళ్ళేటప్పుడు ఏం చేయాలని ఆఖరి ప్రశ్న. రెండు మూడు రోజులైతే ఏమీ మార్చొద్దు. వారం దాటితే, పక్కింటివాళ్ళకు చూసుకోవడం తెలియకపోతే, సిలిండర్ వాల్వ్ మూసేసి, లైటు నాలుగు గంటలకు తగ్గించి, ఎయిర్ పంపు ఆన్ చేసి వెళ్ళండి. వచ్చాక మళ్ళీ రెండు సెకన్లకు ఒక బుడగతోనే మొదలుపెట్టండి.